కంచిలి మీద దండు

ఉద్దానంలో ఎవరి కాళ్ళు వాచినా ముందుగా నోటికొచ్చే మాట కిడ్నీ. చెప్పులు పట్టడం లేదని ఎవరైనా అంటే చాలు, పక్కనున్నవాళ్ళ మొహాల్లో రంగు మారిపోతుంది. మా ఆయన కాళ్ళు వాచినప్పుడు మాత్రం ఊరంతా కుర్చీ అంది. నేనూ కుర్చీ అన్నాను. మా అత్త అయితే పాలు పోయడానికొచ్చిన మనిషికి కూడా అదే చెప్పింది. "పొద్దున్న కూకుంటే పొద్దు గూకీదాకా లెగడు. కాళ్ళు వాయక ఏటవుతాయమ్మా?" అంది. మా ఆయన కంప్యూటరు ముందు కూర్చునే తీరు చూస్తే ఎవరికైనా అనుమానం కుర్చీ మీదికే పోతుంది.

మా ఊరు మందసకీ సముద్రానికీ మధ్యన. ఇంటి వెనక కొబ్బరి, ఇసక నేలలో జీడితోట, పల్లంలో కొద్దిగా వరి. మాది మేనరికం. మేనమామ కొడుకే మొగుడయ్యాడు కాబట్టి పెళ్ళికి ముందూ బావే, పెళ్ళి తర్వాతా బావే. నువ్వు అనడమూ మానలేదు, దెబ్బలాడుకోవడమూ మానలేదు. తొంభైల చివర్లో ఆయన ఊరికి సర్పంచి. మంచి సర్పంచే. మొగుడు కదా అని అంటున్న మాట కాదు. మొగుడిగా చెప్పమంటే నేను వేరే చెబుతాను. పొద్దున్నే మా అరుగు నిండిపోయేది. కాలవ నీళ్ళ తగవు, కోడలు అలిగి పుట్టింటికి పోయిన తగవు, పక్కవాడి ఆవు తోటలో పడ్డ తగవు. అన్నీ ఓపిగ్గా వినేవాడు, కేకలు వేసేవాడు కాదు. చివరికి రెండు పక్షాలూ తామే నెగ్గామనుకుని వెళ్ళేలా ఏదో ఒక దారి చూపించేవాడు. ఆయన మాట తీరు వినడానికి నేను కూడా తలుపు వెనక నిలబడేదాన్ని.

తర్వాతి ఎన్నికల్లో ఓడిపోయాడు. గెలిచినవాడు పరాయివాడేం కాదు, వరసకి తమ్ముడు. ఓడినందుకు కాదు గానీ, మా వీధివాళ్ళే ఓటు వెయ్యలేదని తెలిసి మనిషి కుంగిపోయాడు. అరుగు ఖాళీ అయింది. నేను అలవాటు కొద్దీ పొద్దున్నే అరుగు కడిగి చాప పరిచేదాన్ని. దాని మీద వీధికుక్క వచ్చి పడుకునేది.

ఆ రోజుల్లోనే మా అమ్మాయి ఇంటర్ ఫలితాలొచ్చాయి. పేపరు కంటే ముందు ఇంటర్నెట్టులో పడతాయట, పలాస కాశీబుగ్గలో ఎవరో చూపిస్తున్నారట అంటే మోటారు సైకిలు మీద వెళ్ళాడు. అక్కడ జనం గుమ్మం దాటి రోడ్డు మీదికి ఉన్నారట. ఆ కొట్టాయన మా ఆయన్ని గుర్తుపట్టి, సర్పంచి బాబును నిలబెడితే బాగుండదని లోపల ఖాళీగా ఉన్న కంప్యూటరు ముందు కుర్చీ వేసి, పొద్దుపోవడానికి పేకాట పెట్టిచ్చాడట. ఆ మర్యాదే మా కొంప ముంచింది.

ఇంటికొచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతూ ఆయన అన్న మొదటి మాట ఫలితం గురించి కాదు. "ఒలే, అందులో మనిషన్నవోడు లేకండానే పేకాడుకోవచ్చే! ఓడిపోతే ఎవుడూ సూడ్డు కూడా," అన్నాడు.

"పిల్ల పాసయినాదా లేదా?" అన్నాను.

"ఆఁ, పాసే, పాసే," అన్నాడు, అదేదో వేరే ఇంటి పిల్ల సంగతి అయినట్టు.

అక్కణ్ణించి పలాస వెళ్ళడానికి రోజుకో వంక. జీడిపప్పు ధర కనుక్కోవాలి, బండికి బ్రేకులు పట్టడం లేదు, ఎవరినో స్టేషన్లో దింపాలి. పేకాటతో మొదలై ముక్కూ మొహం తెలియనివాళ్ళతో కబుర్లలో పడ్డాడు, ఆ కబుర్లలోంచి ఓ యుద్ధాల ఆటలోకి దిగాడు. ఆట ఏమిటో నాకు అన్నం దగ్గర విడమరిచి చెప్పేవాడు. ఒక్కొక్కడికీ ఓ ఊరు ఇస్తారట. పంట పండించుకోవాలి, గోడ కట్టుకోవాలి, సైన్యం పెంచుకోవాలి. పక్క ఊళ్ళవాళ్ళు దండెత్తి వస్తారు. ఒంటరిగా ఉన్నవాడు మిగలడు కాబట్టి పదిమంది కలిసి జట్టు కడతారు. ఆడేవాళ్ళు అన్ని దేశాలవాళ్ళూ ఉంటారు. మనం పడుకున్నా అది పడుకోదు, మనం భోంచేస్తున్నా దండు నడుస్తూనే ఉంటుంది. ఆ చివరి మాట చెబుతూనే కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయేవాడు.

చివరికి కంప్యూటరు ఇంటికే వచ్చింది. విత్తనం కొబ్బరికాయలు పెట్టుకునే గది ఖాళీ చేయించి అందులో పెట్టాడు. అప్పట్లో ఇంటర్నెట్టు ఫోను తీగ మీదే వచ్చేది, అది నడిచినంతసేపూ ఇంట్లో ఫోను పలికేది కాదు. ఆ సంగతి మా అత్తకి తెలీదు.

ఓ పొద్దున్న ఆవిడ గది పక్కనుంచి వెళుతుంటే లోపల కొడుకు తనలో తానే అంటున్నాడు, "అయిపోనాది, కంచిలి మీద దండు వచ్చిపడ్డాది, గోడ ఆగదు," అని. ఆవిడ కూతుర్ని ఇచ్చింది కంచిలికే. గుండెలు బాదుకుంటూ ఫోను దగ్గరికి పరిగెత్తింది. ఫోను పలకలేదు. అంతే, ఇంకేం అడగలేదు, నాతో ఓ మాట చెప్పలేదు. కట్టుకున్న చీరతోనే మందస వెళ్ళి బస్సెక్కింది. తీరా అక్కడికి వెళితే ఆడపడుచు వీధిలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోందట. "ఏటమ్మా ఇలగొచ్చినావు?" అంటే, "నీ ఊరి మీద ఎవులో పడ్డారంట కాదేటే?" అని ఈవిడ ఏడుపు. తన ఊళ్ళకి ఆయన మన ఊళ్ళ పేర్లే పెట్టుకున్నాడని అప్పుడు తెలిసింది. మందస, జలంత్రకోట, కంచిలి. అన్నీ ఆయనవే.

ఊరు పగలబడి నవ్వింది. కొన్నాళ్ళు అందరూ ఆయన్ని కంచిలి రాజుగారు అన్నారు. నేనూ నవ్వాను. సాయంత్రం మా అత్త ఇంటికొచ్చి తిట్టడం మొదలెడితే, ఆయన గుమ్మంలోకొచ్చి మొహం వెలిగిపోతుంటే, "కంచిలి నిలబడ్డాదే అమ్మా!" అన్నాడు. నేను నవ్వడం ఆ రోజుతోనే ఆఖరు.

కొత్త సర్పంచి మీద జనానికి మోజు తగ్గింది. బడి దగ్గర డాక్టర్లు రక్తపరీక్షల శిబిరం పెట్టిన రోజు, సూదికి జంకిన జనం మా ఆయన ముందుగా చెయ్యి చాపాకే కదిలారు. మళ్ళీ ఒకరూ ఇద్దరూ మా అరుగు ఎక్కడం మొదలుపెట్టారు. ఇదే మంచి సమయం అనుకున్నాను. ఓ రోజు అన్నదమ్ములిద్దరు వచ్చారు. గట్టు మీది కొబ్బరిచెట్టు తమ్ముడి వైపు ఒరిగింది, కాయలు అటు రాలుతున్నాయి, కాయ ఎవరిది? ఇలాంటి తగవులు మా ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. "వత్తన్నాను, కూకోండి," అని లోపల్నించి అన్నాడు. నేను మజ్జిగ ఇచ్చాను. కాసేపటికి మళ్ళీ వెళ్ళి పిలిచాను. "వత్తన్నానని సెప్పినాను కదా," అన్నాడు, తల తిప్పకుండానే. అన్నదమ్ములు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ ఒక్క విషయంలో ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదిరింది. లేచి కొత్త సర్పంచి ఇంటికే వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం అన్నం దగ్గర ఆయన ఎంతో హుషారుగా ఉన్నాడు. పొద్దున్నంతా ఓ టర్కీవాడికీ ఓ పోలండువాడికీ తగవు తీర్చాడట. ఇద్దరూ జట్టు విడిచి పోతామన్నారట, ఇంగ్లీషులో ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టి ఇద్దర్నీ కలిపాడట. ఇప్పుడు జట్టంతా తనని చీఫ్ అంటున్నారట.

"ఇంటి ముందర మనుషులు కూకోని కూకోని ఎలిపోయినారు బావా," అన్నాను.

"ఎలిపోనీ. ఆలకి నాను ఎవుడ్ని? ఓడిపోయినోడ్ని. ఈలకి చీఫ్‌ని."

ఒళ్ళు మండిపోయింది. కంచం ముందున్న మనిషిని ఏమంటాం? పులుసు పోసి ఊరుకున్నాను.

జీడితోట నా నెత్తిన పడింది. కాపు రోజుల్లో తెల్లారకముందే తోటలో ఉండాలి. రాలిన పళ్ళు ఏరి, పిక్క మెలిపెట్టి తీసి, పళ్ళు వదిలేసి పిక్కలు గోనెల్లో వేసుకోవాలి. యజమాని పాకలో లేడంటే తోట వదిలేశారని దారిన పోయేవాళ్ళు కూడా ఏరుకుంటారు. వాళ్ళని తప్పు పట్టడానికీ లేదు, మా వైపు అది మామూలే. అందుకని మా ఆయన కూర్చోవలసిన పాకలో నేను కూర్చునేదాన్ని. జీడిపళ్ళ పులిసిన వాసన చీరకి పట్టుకుని వదిలేది కాదు. పలాస నుంచి పిక్కలు కొనడానికొచ్చినవాళ్ళు, "బాబు నేరా?" అని అడిగితే, "ఉన్నారు, యుద్ధంలో ఉన్నారు," అనేదాన్ని. వాళ్ళు నవ్వేవారు. నాకు ఏడుపొచ్చేది.

ఆయనకి మెడ నొప్పి, నడుం నొప్పి మొదలయ్యాయి. మందస మందుల కొట్లో నొప్పి బిళ్ళలు పిప్పరమెంట్లు కొన్నట్టు కొనుక్కొచ్చుకునేవాడు. మా దగ్గర బిళ్ళ వెయ్యనివాడు లేడు. చెట్టెక్కి దిగేవాడు, రోజంతా వంగి పిక్కలు ఏరేది, అందరూ వేస్తారు. వాళ్ళు ఒళ్ళు వంచి పని చేసి వేస్తారు. ఈయన ఒళ్ళు వంచకుండా వేసేవాడు. తర్వాత తిండి తగ్గింది. పెట్టిన అన్నం పెట్టినట్టే ఉండేది. "సయించడం లేదే," అనేవాడు. "కదిల్తే కదా సయిత్తాది!" అని నేను కసిరేదాన్ని. ఆ తర్వాత కాళ్ళు. బోర్లించిన బుట్ట మీద పాదాలు పెట్టుకుని ఆడేవాడు. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయేది. నేను చూసి భయపడితే, "కుర్చీయే, ఇంకేటి కాదు. కూకుంటే దిగబడిపోతన్నాది," అన్నాడు. ఆ తర్వాత ఎన్నోసార్లు తలుచుకున్నాను. కుర్చీ అన్న మాటని మా అందరి నోళ్ళలో పెట్టింది ఆయనే.

ఆ పెట్టె ముందు అంతసేపు కూర్చుంటే ఒంట్లో వేడి చేస్తుందని మా వీధివాళ్ళంతా అన్నారు. వేడికి మా దగ్గర ఒక్కటే మందు, కొబ్బరినీళ్ళు. కాయలు దింపే మనిషి చేత లేత బొండాలు వేరే దింపించి, మంచం కింద చల్లగా దొర్లించి పెట్టేదాన్ని. రోజూ మధ్యాహ్నం నా చేత్తో బొండం కొట్టి, గ్లాసులో పోసి, గదిలోకి తీసుకెళ్ళి ఇచ్చేదాన్ని. ఆయన మీద ఎంత కోపమున్నా ఆ గ్లాసు మాత్రం మానలేదు. ఆయన గ్లాసు వైపు చూసేవాడు, నా వైపు చూసేవాడు, తాగేసేవాడు. ఒక్కోసారి చాలాసేపు చూసేవాడు. ధ్యాసంతా కంప్యూటరు మీదే ఉంది అనుకునేదాన్ని.

ఓ రోజు ఇక తట్టుకోలేక, ఆయన ఎదురుగానే గోడకున్న వైరు పీకేశాను. కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు. కుర్చీలోంచి లేవబోయి, కాళ్ళు నిలవక మళ్ళీ కూలబడి, రెండు చేతులూ జోడించాడు.

"ఒలే, నీకు దండవెడతాను, అది తీయకు. అక్కడున్నంతసేపే నాను మనిషిని."

సర్పంచిగా ఊరిని నిలబెట్టిన మనిషి వైరు ముక్క కోసం పెళ్ళానికి దండం పెడుతున్నాడు. అసహ్యం వేసింది. ఆ మాట దాచుకోను. వైరు ఆయన ఒళ్ళో పడేసి తోటకి వెళ్ళిపోయాను.

ఆ వానాకాలం గాలివాన కొట్టింది. మా వైపు అది కొత్త కాదు. కొబ్బరిచెట్టు విరిగి ఫోను తీగల మీద పడింది. కరెంటు లేదు, ఫోను లేదు, ఇంటర్నెట్టు లేదు. పలాస వెళ్ళడానికి ఆయనకి ఒంట్లో ఓపిక లేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నాలో నేను సంతోషించాను. పోన్లే, నాలుగు రోజులు ఇలా ఉంటే పిచ్చి వదులుతుంది, మనిషి మనిషవుతాడు అనుకున్నాను.

తీగలు ఇంకా వెయ్యకముందే ఓ ఉదయం మా గుమ్మంలోకి ఎవరో వచ్చారు. నడివయసు మనిషి, చేతిలో గొడుగు, భుజాన సంచీ, ప్యాంటు మోకాళ్ళ దాకా బురద. "చీఫ్‌గారి ఇల్లు ఇదేనా ఆగ్యా?" అన్నాడు. మనం అండీ అన్నట్టు, ఒడియావాళ్ళలా మాటమాటకీ ఆగ్యా అంటున్నాడు గానీ తెలుగువాడే.

"ఇక్కడ చీఫూ లేడు, గీఫూ లేడు. పాత సర్పంచి ఇల్లు ఇది," అన్నాను.

"ఆయనే, ఆయనే," అని చెప్పులు విడిచాడు. బరంపురంలో బ్యాంకు ఉద్యోగమట. ఆ జట్టులో మా ఆయన తర్వాత ఈయనేనట. ఎప్పుడూ ఒకళ్ళనొకళ్ళు చూసుకోలేదు. గాలివాన తర్వాత చీఫ్ కనబడకపోయేసరికి అందరూ కంగారుపడ్డారట, దగ్గరలో ఉన్నది తనే కాబట్టి రైలెక్కి పలాసలో దిగి, మందస బస్సు పట్టుకుని, మా ఆయన ఎప్పుడో కబుర్లలో చెప్పిన ఊరి పేరు అడుగుతూ వచ్చాడట. నా మనసు కొంచెం మెత్తబడింది. పిచ్చివాళ్ళయినా ఒకరికొకరు ఉన్నారే అనుకుని కాఫీ ఇచ్చాను.

రెండు గుక్కలు తాగి, చాలా మెల్లిగా అడిగాడు. "వదినగారూ, క్రియాటినిన్ ఇప్పుడెంతున్నాది?"

ఉద్దానంలో ఆ ఇంగ్లీషు మాట తెలియని ముసలమ్మ లేదు. కిడ్నీ పాడైందో లేదో రక్తంలో చెప్పేది అదే.

"ఎవులికి?" అన్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టేశాడు. నా మొహం చూశాడు. "మీకు సెప్పలేదా?" అన్నాడు. తర్వాత తలొంచుకుని చెప్పాడు. బడి దగ్గర డాక్టర్లు శిబిరం పెట్టి రక్తాలు తీసినప్పుడు, జనం జంకుతుంటే ముందు మా ఆయనే చెయ్యి చాపాడు కదా, అప్పుడే తెలిసిందట. అంటే కాళ్ళు వాయకముందే. జట్టులో అందరికీ తెలుసట. పోలండువాడికి తెలుసు. టర్కీవాడికి తెలుసు. ఎక్కడో ఉన్న ఓ ముసలావిడ రోజూ ఈయన కోసం ప్రార్థన చేస్తోందట. ఇంకో దేశంలో నర్సు పని చేసే ఆమె ఏం తినాలో ఏం తినకూడదో రాసి పంపిందట. బరంపురం ఆయన బావమరిది అక్కడ కిడ్నీ డాక్టరట, ఆయన దగ్గరికి తీసుకుపోదామని వచ్చాడట.

"ఆ నర్సు మొదట అడిగింది కొబ్బరినీళ్ళ గురించే వదినా. మీది కొబ్బరి దేశం కదా, ఈ జబ్బుకి ఆ నీళ్ళు పడవు, గుండె ఆగిపోయినా ఆగిపోవచ్చు, ముట్టుకోవద్దు అని మరీమరీ సెప్పినాది. మానీసినారు కదా?"

 లేచి ఆయన పడుకున్న గదిలోకి వెళ్ళాను. నా చేత్తో కొట్టి ఇచ్చిన ఒక్కొక్క బొండమూ కళ్ళ ముందు దొర్లుతోంది. ఆ మనిషికి తెలుసు. తెలిసి తాగాడు. వద్దంటే ఎందుకు వద్దని అడుగుతాను, అడిగితే చెప్పాలి. చెప్పడం కంటే తాగడమే తేలికనుకున్నాడు.

"బావా," అన్నాను. ఆయన ఇటు తిరిగాడు. వీధిలో మాటలు విన్నట్టున్నాడు, కళ్ళు దించుకున్నాడు.

"ఊళ్ళో తెలిస్తే ఏటవుతాదో నీకు తెలీదేటి? ఆ ఇంట్లో కిడ్నీ ఉన్నాదంతారు. పిల్లకి సంబంధం రాదు. రేపు ఎలక్షన్లకి నిల్చుంటే, ఈడు ఎన్నాళ్ళుంటాడు, ఈడికి ఓటెందుకంతారు."

"నాను ఊరినా బావా?"

ఆయన దుప్పటి గుండెల మీదికి లాక్కున్నాడు.

"నాను నీ పెళ్ళాన్నా, ఊరినా? సెప్పు."

"నీకు సెప్తే ఏడుత్తావు," అన్నాడు చివరికి. "నీ ఏడుపు గోడవతలకి ఇనపడతాది. ఆలకి నా మొగం తెలీదు, మన ఊరోళ్ళెవులూ తెలీదు. అక్కడ సెప్పినా సెప్పనట్టే."

ముక్కూ మొహం తెలియనివాళ్ళకి చెప్పుకున్నాడు, పక్కలో పడుకున్నదాన్ని గోడ అవతల పెట్టాడు. ఏడుస్తానన్నాడు కదా, ఏడవలేదు. ఆ సుఖం ఆయనకివ్వదలుచుకోలేదు. సంచీలో ఆయన బట్టలు సర్దడం మొదలుపెట్టాను.

అప్పుడే గుమ్మం దగ్గర దగ్గు వినబడింది. బరంపురం ఆయన లోపలికి రావాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి, అది నటన కాదు. కానీ ఆయన అన్నది ఇదీ. "అన్నగారూ, ఇంకొక్క మాట ఆగ్యా. సాయంత్రానికి కంచిలి మీదకి పెద్ద దండు వత్తన్నాది. మీరు ఆస్పత్రిలో ఉంటారు కదా. పాస్‌వర్డు ఇత్తే మా కుర్రోడికి ఫోన్ సేసి సూసుకోమంతాను. మందసలో టెలిఫోన్ బూతు పని సేత్తన్నాది, వచ్చినపుడే సూసుకున్నాను."

మంచినీళ్ళకి కూడా తల ఎత్తలేకపోతున్న మా ఆయన మోచేతి మీద లేచాడు. కళ్ళల్లోకి వెలుగొచ్చింది. ఒక్కో అక్షరం విడివిడిగా, తప్పు పోకుండా, రెండుసార్లు చెప్పాడు. ఆయన నోట అంత స్పష్టంగా, అంత ఇష్టంగా మాట విని ఎన్నాళ్ళయిందో. నాకు చెప్పడానికి నోరు రాని మనిషి ఇతనే. చేతిలో చొక్కా పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

బరంపురం ఆయన మాట ప్రకారం ఆస్పత్రిలో చేర్పించాడు, అన్నీ దగ్గరుండి చూశాడు. ఆ మేలు కాదనను. తర్వాత విశాఖపట్నం. వారం వారం రైలు, యంత్రం మీద రక్తం ఎక్కించి దింపడం, మళ్ళీ రైలు. ఆలస్యమయిందన్నాడు అక్కడి డాక్టరు. కొంచెం ముందు వచ్చుంటే అన్నాడు. యంత్రం మీంచి దించగానే మా ఆయన చూపు ఎదురుగా రోడ్డవతలున్న ఇంటర్నెట్ కొట్టు మీద ఉండేది. రైలుకి ఇంకా టైముంది కదే అనేవాడు. మొదట్లో ఒప్పుకునేదాన్ని కాదు. తర్వాత నేనే చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించేదాన్ని. అక్కడ ఆయన ఆడుతుంటే బయట బల్ల మీద మందుల సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని.

ఊరికి తెలిసింది. ఆకాశం ఏమీ విరుచుకుపడలేదు. అమ్మాయికి వచ్చిన ఓ సంబంధం వెనక్కి పోయింది, పిల్ల మాత్రం దాన్ని దుమ్ములా దులిపేసుకుంది. మిగిలినవాళ్ళు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. కొబ్బరిచెట్టు తగవు అన్నదమ్ములు కూడా వచ్చారు. కొత్త సర్పంచి వచ్చి చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. ఇంత మంది ఉన్నారు. ఏ ఊరికి భయపడి దాచాడో ఆ ఊరే వంతులేసుకుని మమ్మల్ని స్టేషనుకి దింపింది. మొగుడికి ఎంత సేవ చేసిందో అని నన్ను మెచ్చుకుంటారు. చేశాను. ప్రతి రోజూ కోపంతోనే చేశాను. నేను ఊరినా అని అడిగిన మాటకి ఆయన జవాబు చెబుతాడేమోనని రైల్లో, ఆస్పత్రిలో, ఇంట్లో ఎదురుచూశాను. యంత్రాల గురించి చెప్పాడు, కంచిలి గోడల గురించి చెప్పాడు. ఆ జవాబు చెప్పకుండానే ఓ మధ్యాహ్నం పోయాడు.

కర్మలన్నీ అయిపోయాక బరంపురం ఆయన అక్కడి ఇంటర్నెట్ కొట్లోంచి ఫోను చేశాడు. జట్టులో అందరూ సంతాపం పాటించారట. ఒక రోజంతా ఎవరి సైన్యమూ కదలలేదట, శత్రువులు కూడా ఆగారట. నేను విన్నాను.  పెట్టేద్దామనుకుంటుండగా ఆయన అన్నాడు.

"మీతో ఎలగ సెప్పాలో తెలీక అన్నగారు సానా నలిగిపోయినారు వదినా. ఒక పొద్దంతా మాతో అదే మాట. మా ఆవిడకి ఎలగ సెప్పాలి, ముందు ఏ మాటతో మొదలెట్టాలి, మీరైతే ఏటి సేత్తారు అని అందర్నీ పేరుపేరునా అడిగినారు. తలో మాటా సెప్పినారు. పోలండోడు సెప్పిందైతే బావున్నాదని అన్నగారు దాన్ని తెలుగులోకి మార్సుకుని రాసుకున్నారు కూడా. రేపు సెప్పీత్తానన్నారు."

నాతో చెప్పవలసిన మాట తయారైందన్నమాట. ఎక్కడెక్కడివాళ్ళో కూర్చుని తయారు చేశారు. తెలుగులోకి కూడా వచ్చింది. గుమ్మం దాటి నా దగ్గరికి మాత్రం రాలేదు.

"ఏటి మాట అది?" అన్నాను.  "బాబూ, ఆయన రాసుకున్న మాట ఏటి? గుర్తున్నాదా మీకు?"

"ఎందుకు గుర్తుండదు వదినా, ఆయన నాకు సదివి ఇనిపించినారు కదా. అదీ..." అని ఆగాడు. ఫోన్లోంచి టకటకమని మీటలు నొక్కుతున్న చప్పుడు వినిపించింది. అది ఆగలేదు, ఇంకా వేగంగా వినిపించింది.

"ఒక్క నిమిషం ఆగండి వదినా, కంచిలి మీద దండు వచ్చిపడ్డాది," అన్నాడు.

ఆగాను. రెండు చేతులతో ఫోను పట్టుకుని, ఆ చప్పుడు వింటూ నిలబడ్డాను.